మజ్జిగన్నం లేని భోజనం

రెండు వేల సంవత్సరం మార్చిలో నన్ను డెలివరీ మేనేజరుగా సింగపూర్ పంపారు. మా సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉండేది. ఆంగ్ మో కియో పారిశ్రామిక వాడలోని ఒక సరుకు రవాణా సంస్థకు బుకింగ్ వ్యవస్థ రాసిపెట్టడం మా ఒప్పందం. డెలివరీ మేనేజరు అన్న పేరు ఘనంగా ఉంటుంది గానీ ఉన్న పని రెండే రకాలు. క్లయింటు అడిగిన సరుకు వేళకు అందించాలి. క్లయింటు వద్దన్న మనుషుల్ని వెనక్కి పంపాలి. మొదటి ఏడాది మొదటి పని చేశాను. ఆ రోజుల్లో జావా వచ్చునన్న ప్రతివాణ్ణీ, వీసా ముద్ర తడి ఆరకముందే విమానం ఎక్కించి తెచ్చుకున్నాం. రెండో ఏడు వచ్చేసరికి డాట్‌కామ్ బుడగ పేలింది. అప్పటినుంచి నాకు రెండో పనే మిగిలింది.

వెనక్కి పంపడాన్ని మా వాళ్ళు రోల్ ఆఫ్ అనేవారు. మనిషిని వీధిలోకి నెట్టడానికి కూడా చక్రాలున్న మాట వాడటం మా రంగం గొప్పతనం. పద్ధతి ఇదీ. క్లయింటు ఒక పేరు తీసేయమంటాడు. హైదరాబాదు హెచ్.ఆర్. సరేనంటుంది. ఆ మనిషికి డెలివరీ మేనేజరు స్వయంగా, నోటితో చెప్పాలి. చెప్పిన రోజు నుంచి నోటీసు మొదలవుతుంది. నెల ముగిసేలోగా చెబితే మరుసటి నెలాఖరుకు ఉద్యోగం ఆఖరు. ఒక్కరోజు దాటి కొత్త నెలలో చెబితే ఇంకో నెల కలుస్తుంది. ఉద్యోగంతోపాటు, ఆ దేశంలో ఉండనిచ్చే పని పాస్ రద్దవుతుంది, దాని మీద ఆధారపడి ఉంటున్న కుటుంబం పాస్ కూడా పోతుంది. ఆ తరువాత మూటాముల్లె సర్దుకోవడానికి సర్కారు కొద్దిరోజులు ఇస్తుంది.

మొదటిసారి ఈ మాట ఆఫీసు మీటింగ్ గదిలో చెప్పాను. ఆ గదికి నాలుగు వైపులా గాజు గోడలే. పాపం ఆ అబ్బాయి ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక టేబుల్ కేసి చూస్తూ కూర్చుండిపోయాడు. బయట టీమంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చి అతణ్ణే చూస్తోంది. ఇలాంటి పని ఇక ఆ గదిలో చేయకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఫ్లాట్ల కింద, ఒక చిన్న తైవాన్ చిరుతిళ్ళ హోటలు ఉండేది. ప్లాస్టిక్ స్టూళ్ళు, గోడకు బొమ్మల మెనూ, జేబుకు బరువు లేని ధరలు. మధ్యాహ్నం రద్దీలో టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు పట్టుకోవాలి. మూడు దాటితే ఈగలు కూడా ఉండవు. మురగబెట్టిన టోఫు వేగే వాసనకు మా వాళ్ళు సగంమంది అటు రారు కాబట్టి, ఎవరైనా చూస్తారన్న భయం లేదు. శాకాహారినైన నాకు అక్కడ ఉల్లికాడల రొట్టె, వెల్లుల్లి వేసిన దోసకాయ ముక్కలు, ఉడికిన వేరుశనగలు దొరికేవి. పంది మాంసపు అన్నం తినేవాళ్ళు దాన్ని లొట్టలు వేసుకుంటూ తినేవారు. హోటలు నడిపే తైవాన్ ఆవిడను అందరం ఆంటీ అనే పిలిచేవాళ్ళం.

ఎవరికి చెప్పాలన్నా మూడింటికి అక్కడికి తీసుకువెళ్ళేదాన్ని. తిననిచ్చాకే చెప్పేదాన్ని. కాకినాడలో మా ఇంటి పద్ధతి అది. తంతి వచ్చినా సరే, నాన్నగారు విస్తరి ముందు ఉంటే మా నాయనమ్మ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి, ఆయన మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కున్నాకే అందించేది. చావు కబురైనా అంతే. తింటున్న మనిషిని సగంలో లేపితే పాపమని ఆవిడ నమ్మకం. పాపపుణ్యాల మాట నాకు తెలియదు గానీ ఆ అలవాటు నాకు ఒంటబట్టింది. అయితే నా టీములో ఇది త్వరలోనే పాకిపోయింది. మేడం తైవాన్‌కు పిలిచారంటే టికెట్టు బుక్కయినట్టే అనుకునేవారు. అనుకోరా మరి.

అనంతపురం మురళికి ఏప్రిల్‌లో అక్కడే చెప్పాను. అతను డేటాబేస్ చూసేవాడు. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, చెప్పండి మేడం అన్నాడు. విన్నాక నాకు థాంక్స్ చెప్పాడు. అతని భార్య వసుధ కూడా మా టీములోనే టెస్టింగు చేసేది. ఆమె ఉద్యోగం ఉంది కాబట్టి అతను ఆమె పాస్ మీద ఆధారపడిన మనిషిగా మారి, యూ టీ అనే పేటలోని వాళ్ళ అద్దె ఫ్లాటులో ఉంటూ పొద్దస్తమానం ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టేవాడు.

జూలైలో క్లయింటు వసుధ పేరు చెప్పాడు. అప్పటికి ఆమెకు ఏడో నెల. అంతకుముందు రెండు సార్లు కడుపు పోయింది. ఈసారి ఇక్కడి డాక్టరమ్మ గర్భసంచి ముఖానికి కుట్టు వేసి, కాన్పయ్యేదాకా విమానం ఎక్కవద్దని గట్టిగా చెప్పింది. కాన్పు అక్టోబరులో. జూలైలో నోటీసు ఇస్తే ఆగస్టు ఆఖరుకు ఉద్యోగం పోతుంది. మిగిలే గడువు కాన్పుదాకా రాదు. మరీ నెలలు నిండితే ఏ విమానం వాడూ ఎక్కించుకోడు కనుక సెప్టెంబరు మొదట్లోనే బయలుదేరక తప్పదు. ఆగస్టులో ఇస్తే ఇంకో నెల కలిసి కాన్పు ఇక్కడే అవుతుంది. ఈ లెక్క చెప్పి ఒక నెల ఆగమని హైదరాబాదును అడిగాను. ఒకరికి ఆగితే అందరికీ ఆగాలన్నారు. ఇంకోసారి అడిగాను. అదే జవాబు ఇంకాస్త మర్యాదగా వచ్చింది. జూలై ఆఖరి పనిదినం సాయంత్రం ఆఫీసు మూసేలోగా చెప్పి, తమకు ఫోన్ చేయమన్నారు.

ఆ రోజు మూడింటికి వసుధను పిలిచాను. ఆమె బ్యాగు తీసుకుని వచ్చింది. హోటల్లో కూర్చున్నాక సెల్‌ఫోన్ తీసి, ఆఫీసు వాళ్ళు విసిగిస్తారని నవ్వుతూ ఆపేసి బ్యాగులో పెట్టుకుంది. కోడి కట్లెట్ తెప్పించుకుంది. చెయ్యంత వెడల్పున్న ముక్క. గోళ్ళంత ముక్కలు తుంచుకుంటూ తింది. అదయ్యాక సన్న సేమ్యా సూప్ చెప్పింది. ఆ తరువాత ఉల్లికాడల రొట్టె. ఆ ఏడాది ఊరంతా పట్టుకున్న సగ్గుబియ్యపు గుండ్ల టీ ఒకటి తెప్పించుకుని, ఒక్కొక్క గుండునే స్ట్రాతో పీల్చి నములుతూ కూర్చుంది.

రొట్టె దగ్గర నాకు అర్థమైంది. మా పద్ధతిని మురళి ఇంట్లో పూసగుచ్చినట్టు చెప్పి ఉంటాడు. తింటున్నంతసేపు మేడం చెప్పరు. ఆఫీసు మూసేదాకా తింటే జూలై దాటిపోతుంది. ఆమెకు నోటీసు అంటే నా నోట్లోంచి వచ్చే మాట. ఆ మాట బయటికి రాకుండా ఆమె తన నోటికి పని పెట్టుకుంది.

మన భోజనానికి ఒక హద్దు ఉంది. పప్పు, కూర, పులుసు అయ్యాక మజ్జిగన్నం వస్తుంది. అక్కడితో సరి, ఇక చెయ్యి కడగాల్సిందే. తైవాన్ చిరుతిళ్ళకు అలాంటి హద్దు లేదు. ఒక చిన్న పళ్ళెం అయితే ఇంకో చిన్న పళ్ళెం. ఎంతసేపైనా తినవచ్చు, ఎవరూ అయిందా అని అడగరు. ఆ రోజు నేనూ అడగలేదు. చెప్పమన్నది ఉద్యోగం, చెప్పవద్దన్నది మా నాయనమ్మ. నేను నాయనమ్మ మాట విన్నాను.

మేము మాట్లాడుకున్నవన్నీ పొడి మాటలే. వాళ్ళ అమ్మ పంపిన ఉగ్గాని బొరుగులు మెత్తబడిపోయాయట. మురళికి ఎక్కడో ఇంటర్వ్యూ ఉందట. ఆమె నుదుటిమీద చెమట పట్టింది. ఏడో నెల కడుపుతో అంత తినడం మాటలా? ఒకసారి కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టి, మళ్ళీ ముక్క నోట్లో పెట్టుకుంది. చాలమ్మా అనబోయి మానేశాను. చాలంటే తినడం ఆగుతుంది, ఆగితే నేను చెప్పాలి.

బల్లలు తుడుస్తున్న ఆంటీ మా దగ్గర ఆగి వసుధ కడుపు చూసింది. స్లోగా తిను లా, ఆంటీ తొందరపెట్టదు అని సింగపూర్ యాసలో చెప్పి, తీపి వేరుశనగ సూప్ ఒక గిన్నెడు ఊరకే తెచ్చి పెట్టింది. వసుధ దాన్ని చెంచా కొనతో తాగింది. గోడ గడియారం వైపు మేమిద్దరం చూడనట్టే చూసుకుంటున్నాం. పారిశ్రామిక వాడ వదిలి జనం బస్‌స్టాపుల వైపు వెళ్ళడం మొదలైంది. మా ఆఫీసు మూసే వేళ దాటింది.

వసుధ చెంచా గిన్నెలో పెట్టింది.

"అయిపాయ మేడం. ఇంగ చెప్పండి."

చెప్పడానికేమీ లేదు, ఇంటికి వెళ్ళమన్నాను. అన్నందుకు నాకు చాలా సంతోషం వేసింది. ఆ ఉద్యోగంలో అంత సంతోషపడ్డ రోజు మరొకటి గుర్తులేదు. వసుధ లేచి రెండు చేతులూ నడుముకు ఆనించి నిలబడింది. బయటికి వచ్చాక, ఆయన ఎదురుచూస్తా ఉంటాడని ఫోన్ ఆన్ చేసింది. చేసీ చేయగానే మోగింది. చాలాసేపు విని పెట్టేసింది.

"ఇంటికి కొరియర్ వచ్చినాదంట మేడం, మద్యాన్నం మూడు దాటినాక. ఆసుపత్రి కాగితాలేమో అనుకొని మా ఆయనే సంతకం పెట్టి తీసుకున్యాడంట. అప్పట్నుంచీ నాకు ఫోన్ చేస్తానే ఉన్యాడంట."

అని మురుగు కాలువ పక్కకు వెళ్ళి వంగింది. తిన్నదంతా బయటికి వచ్చింది. నేను వీపు పట్టుకున్నాను. ఆంటీ ఒక గ్లాసు నీళ్ళతో పరుగెత్తుకొచ్చి, తన వంటలో ఏదో తేడా వచ్చిందనుకుని సారీ సారీ అంటూ నిలబడింది.

హైదరాబాదుకు ఫోన్ చేశాను. అక్కడ ఇంకా పని వేళే. నెలాఖరుల్లో మేనేజర్లు చెప్పడం ఆలస్యం చేస్తున్నారని, ఈ నెల నుంచి నోటీసులు నేరుగా ఇళ్ళకే పంపుతున్నామని, అందుకున్న సంతకం తేదీయే లెక్కని హెచ్.ఆర్. అధికారి చెప్పాడు. మరి నన్నెందుకు చెప్పమన్నారని అడిగాను. అది మర్యాద కోసమట. నా మీద నమ్మకం లేక కాదట, ప్రాసెస్ మారిందట. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అతను ఓపికగా విని, వేరే కాల్ వస్తోందని పెట్టేశాడు. ఆపైన పై అధికారులకు రాశాను. సంతకం చేసిన నోటీసును వెనక్కి తీసుకునే పద్ధతి కంపెనీలో లేదని తేల్చారు.

ఆ వారాంతంలో యూ టీలో వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాను. మురళి తలుపు తీసి, లోపలికి పిలిచి, ఆ తరువాత నావైపు చూడలేదు. సంతకం పెట్టిన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి శిక్షలా ఉంది. వసుధ మంచం మీద పడుకుని ఉంది. తనే మాట్లాడింది. కోపంగా కాదు, పక్కింటావిడకు కూర సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఇంగ మీద ఎవురికైనా చెప్పేదుంటే ముందే చెప్పేయండి మేడం. తింటా ఉంటే ఆశ పుడతాది."

సెప్టెంబరు మొదటివారంలో బయలుదేరారు. వసుధ ప్రయాణం చేయవచ్చని రాసివ్వడానికి డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఇంకో క్లినిక్‌లో రాయించుకున్నారు. బెంగళూరులో దిగిన కొద్దిరోజులకే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది, దక్కలేదు. మురళి రెండు వాక్యాల ఈమెయిల్ పంపాడు. ప్రయాణం వల్లే అయిందో, ఎక్కడున్నా అయ్యేదో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. తేల్చి చెప్పినా ఏం లాభం? ఆ ఈమెయిల్‌కు నేను జవాబు రాయలేదు.

ఆ ఏడాది చివరిదాకా నా టీములో ఇంకా కొందరికి చెప్పాల్సి వచ్చింది. తైవాన్ హోటలుకు ఎవరినీ తీసుకువెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. ఒకసారి దారిలో ఆంటీ కనిపించి, బేబీ గర్లా బాయా అని అడిగింది. గర్ల్ అని చెప్పి వచ్చేశాను.

తరువాత ఎన్నో ఏళ్ళు ఉద్యోగం చేశాను. మా రంగంలోకి వచ్చే వాళ్ళు, మనుషుల్ని ఎలా తీసేయాలి మేడం అని అడుగుతుంటారు. నాకు తెలిసింది ఇంతే. మా నాయనమ్మ పద్ధతి తప్పు కాదు. తంతిలో కబురు అప్పటికే జరిగిపోయింది, నాన్నగారు తిన్నంతసేపట్లో అది మారేది కాదు, మారుతుందని ఆయన ఎదురుచూసేదీ లేదు. ఉద్యోగం సంగతి అలా కాదు. ఇక్కడ నిమిషం ఆగితే ఆ నిమిషంలో మనిషి ఇల్లు కట్టుకుంటాడు. అందుచేత పొద్దున్నే, పని మొదలుకాకముందే, మొదటి వాక్యంలోనే చెప్పాలి. టీ కూడా తెప్పించకూడదు.

నా వంతు వచ్చినప్పుడు పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందు, ఫోన్‌లో చెప్పారు. చెప్పిన పద్ధతి సరైనదే.