నా డొక్కు కారవాన్ పరువు

కువైట్‌లో చలికాలం వచ్చిందంటే కుటుంబాలన్నీ ఎడారికి కదిలిపోతాయి. రుమైథియాలో పాలరాతి ఇల్లున్న మా యజమాని, నాకు వీసా ఇచ్చిన కఫీల్ కూడా అంతే. ఇసుకలో గుడారాలు వేయించి, వారం చివర ఇంటిల్లిపాదితో వచ్చి వాలేవాడు. ఆ రాజ్యానికి వంటవాణ్ణీ, కాపలావాణ్ణీ, ప్రధానమంత్రినీ నేనే. నా నివాసం ఒక పాత కారవాన్.

దాని వయసెంతో ఎవరికీ తెలియదు. చమురు బావి తవ్వుతుంటే ముందు అదే బయటపడిందని నా అనుమానం. తలుపు వేస్తే సౌదీ సరిహద్దులో ఒంటెలు తలెత్తి చూసేవి. బయట దళసరి రేకు, లోపల కర్ర వాసాలు. గోడకు మేకు కొట్టాలంటే ముందు రెండు పూటలు గట్టిగా తినాలి.

ఆ ఏడాది కఫీల్ తళతళలాడే కొత్త కారవాన్ కొన్నాడు. కొని, నాతో చల్లగా అన్నాడు: "శనివారం పాతది సులైబియాలో తుక్కు కింద అమ్మేస్తా. నువ్వు గుడారంలో పడుకో."

ఎడారి చలిలో గుడారమంటే తెల్లారేసరికి నన్ను పుల్లకు గుచ్చి ఐస్‌ఫ్రూట్ కింద అమ్ముకోవచ్చు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కొత్తదాన్ని లాక్కొచ్చిన డ్రైవరు రాయచోటి కుర్రాడు. తనే దాన్ని కన్నట్టు మురిసిపోయాడు.

"నీ డబ్బా యాడ, ఈ మహల్ యాడన్నా! గోడ చూడు, యెంత నున్నగా ఉండాదో."

వేలితో కొట్టి చూశాను. పుచ్చకాయలా మోగింది. "ఎహె, ఇది గోడేంట్రా తమ్ముడూ, అప్పడం! రెండు రేకుల మధ్య థర్మాకోల్ కూరి అంటగట్టేశారు."

"కుళ్ళుకుంటుండావు లేన్నా."

కుళ్ళే. కాదనను.

శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్. పాత కారవాన్ నెత్తినున్న డిష్‌ను కొత్తదాని మీదికి మార్చమన్నాడు కఫీల్. డ్రైవరు తమ్ముడు పైకెక్కి ఎంత తిప్పినా పాత మరలు రాలేదు. లోపలి వాసం వాటిని పళ్ళతో కరిచి పట్టుకుంది. చివరికి మరల్ని అక్కడే వదిలేసి, డిష్ కాళ్ళు కోసి తెచ్చాడు. కొత్తదానికి మాత్రం మరలు వెన్నలో చెంచాలా దిగిపోయాయి.

"చూస్తివా, యెంత సులువో!" అన్నాడు, మీసం దువ్వుతూ.

మధ్యాహ్నం, మాంసంతో వండిన మచ్‌బూస్ అన్నం పళ్ళెం చుట్టూ కుటుంబమంతా కొత్త కారవాన్‌లో కూర్చుంది. అప్పుడు దిగింది వాన. కువైట్ వాన ఏడాదంతా దాచుకున్న కోపాన్ని ఒక్క పూటలో తీర్చుకుంటుంది. గాలికి డిష్ ఊగింది. మరలు పట్టుకోవడానికి లోపల ఏదైనా ఉంటేగా! పైరేకును అరటాకులా చీల్చుకుని డిష్ ఇరాక్ వైపు ఎగిరిపోయింది. నీళ్ళు ధారగా మచ్‌బూస్‌లో పడ్డాయి. కఫీల్ భార్య, మా మామా పెట్టిన కేకకు ఉరుము సిగ్గుపడి ఆగిపోయింది.

"యల్లా, యల్లా!" అంటూ కఫీల్ పిల్లల్ని చంకనేసుకుని నా గుమ్మం ముందుకొచ్చాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"బాబా, చెప్పులు బయట విప్పాలండి. లోపల దేవుడి పటం ఉంది."

ఆ జడివానలో, అంతటి మనిషి, వంగి చెప్పులు విప్పాడు. మామా కూడా విప్పింది. అందరూ నా మంచం మీద, నా బియ్యం బస్తాల మీద సర్దుకున్నారు. పైన వాన పెళ్ళి డప్పులా మోగుతోంది. కఫీల్ కప్పంతా వెతికాడు. ఒక్క చుక్క లేదు. గోడను పిడికిలితో గుద్ది, చెయ్యి రుద్దుకున్నాడు.

"ఖలాస్. ఇది ఎక్కడికీ పోదు. నువ్వూ ఇందులోనే ఉండు."

మామా నా గోంగూర పచ్చడి రెండోసారి వడ్డించమంది. గుమ్మంలో తడిసి వణుకుతున్న తమ్ముడు గొంతు తగ్గించాడు.

"అన్నా, ఈ రేత్రికి నేనూ ఈడనే పండుకుంటా."

"ఆలోచించి చెబుతాలే," అన్నాను, కఫీల్ ఎదుటే కాలు మీద కాలు వేసుకుని.