చిట్టెమ్మ పాకలో బడి

గోదావరికి ఆనకట్ట పడి ముప్పయ్యేళ్లు దాటిన రోజుల్లో, ఒక గాలివానకి పేరిశాస్త్రిగారి వీధిబడి కప్పు ఎగిరి కాలువలో పడింది. ఊళ్లో అంతమంది పిల్లలు పట్టే చోటు తుంగచాపలు నేసే చిట్టెమ్మ పాకలోనే ఉంది. కొత్త కప్పు వేసేదాకా వాడుకోమంది చిట్టెమ్మ. అది వేసేసరికి రెండేళ్లు గడిచాయి.

మొదట్లో ఆ అరుపులకి ఆవిడ తల దిమ్మెక్కిపోయింది. తరవాత ఎప్పుడో చేతులు ఆ పాటలో పడ్డాయి. పిల్లలు ‘కకు దీర్ఘమిస్తే’ అనగానే తుంగ దూర్చేది, ‘కా’ అనగానే చెక్కతో బిగించి కొట్టేది. చాప ఎప్పుడు పూర్తయిందో తనకే తెలిసేది కాదు.

బడి తన చోటికి తాను వెళ్లిపోయాక పాకలో చప్పుడు లేదు, చేతుల్లో పని సాగలేదు. చూస్తే, చాపలన్నీ అమ్ముడయ్యే కోరుకొండ తీర్థం దగ్గర పడుతోంది. పడవ నడిపే మొగుడు గంగయ్య జాలిపడి, తాను గుణింతం చెబుతానని కూర్చున్నాడు. ‘గుడిస్తే కూ’ అన్నాడు. చెక్క గాల్లోనే ఆగిపోయింది.

“తప్పులు చెప్పకయ్యా, చాప వంకరపోద్ది” అంది చిట్టెమ్మ.

అన్నీ వచ్చినదానివి నువ్వే పైకి చెప్పుకోవచ్చుగా అన్నాడతను. నోరు ఆడితే చెయ్యి ఆగిపోతోందని ఆవిడ బాధ.

మర్నాడు మగ్గం ఎత్తుకొచ్చి బడి అరుగు మీద పరిచింది. పంతులుగారు బయటికొచ్చి, ఇదేమిటని అడిగారు.

“మీ పిల్లల గోల లేపోతే నా చెయ్యి ఆడట్లేదండి.”

ఆడమనిషి బడి ముందు కూర్చోవడమేమిటని పెద్దలు కొందరు సణిగారు. రెండేళ్లు ఆవిడ పాకలో కూర్చున్నది మనమేగా అన్నారు పేరిశాస్త్రిగారు. ఆ మాట అక్కడితో తెగింది.

ఒకరోజు పిల్లలు అన్నాలకి వెళ్లాక, ‘కా’ ఎలా ఉంటుందో చూపించమని ఆవిడ మొహమాటపడుతూ అడిగింది. ఆయన ఇసకలో వేలితో రాశారు. చిట్టెమ్మ వంగి చాలాసేపు చూసింది.

“ఇన్నాళ్లూ నేను దెబ్బేసింది దీనికాండి?” అని నవ్వింది.

ఆ వేసవి దాటేలోగా గుణింతాలన్నీ ఇసకలో దిద్దేసింది. తన పేరులో ‘ట్టె’ దగ్గర మాత్రం చాన్నాళ్లు తడబడింది. పేరిశాస్త్రిగారి తరవాత వచ్చిన కుర్ర మాస్టరుకి బడి అప్పగిస్తూ, అరుగు చిట్టెమ్మదని ఊరివాళ్లు ముందే చెప్పారు.