ఒంటరి మనిషి బొమ్మలో రెండో మనిషి

ఈ సాయంత్రం నా ఆనందం పట్టరానిది! బెంగళూరు దగ్గరి ఆనేకల్‌కు చెందిన ఒక చిత్రకారిణి, మా అపార్ట్‌మెంట్ తోటలో ఒంటరిగా కూర్చునే నన్ను పది రోజులుగా చిత్రిస్తున్నది. రెండు భవనాల సందులోంచి నా బెంచీపై ఎండ పడేది పది నిమిషాలే. ఆమె పని కూడా ఆ పది నిమిషాలే. ఒంటరితనాన్నీ, నిలవని కాలాన్నీ బొమ్మ కట్టాలని ఆమె పట్టుదల.

ఈ రోజుతో చిత్రం పూర్తి కావలసి ఉండగా, ఇన్నాళ్లూ తల ఊపి వెళ్లిపోయే పక్కింటి రామప్పగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు.

“నన్ను కూడా వెయ్యమ్మా!” అన్నారు.

“అయ్యో, ఇది ఒంటరి మనిషి బొమ్మ సార్! బిర్రన లేయండప్పా, ఎండ పోతా ఉండాది!” అని ఆమె మొత్తుకున్నది.

ఆయన చిన్నబోయి లేవబోయారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

“నా పక్కన కూర్చోవడానికి ఈయనకు నాలుగేళ్లు పట్టిందమ్మా. లేపలేను,” అన్నాను.

ఆమె ఒక్క క్షణం మమ్మల్ని చూసి నవ్వింది. మిగిలిన కాస్త ఎండలోనే గబగబా రెండో నీడను కూడా వేసింది. ఎండ పోయినా మేమిద్దరం చాలాసేపు కదలలేదు.

చిత్రానికి కొత్త పేరు నన్నే పెట్టమన్నది. మీరేమంటారు? బొమ్మ కింద రాసేది అదే కాబట్టి, అక్షరదోషాలు లేకుండా సూచించగలరు.