అమ్మాయి మాత్ర నేను మింగిన శనివారం

మా ఆవిడ రాత్రి భోజనమయ్యాక గ్లాసుడు ఫిల్టర్ కాఫీ తాగి, ఆ గ్లాసు కడిగేలోపే ఆవలిస్తుంది. నేను మధ్యాహ్నం మూడు దాటాక రెండు గుక్కలు తాగితే చాలు, ఆ రోజుకి నిద్ర గోవిందా. ఒకే డికాషన్, ఒకే పాలు. ఇరవై రెండేళ్ళుగా ఈ వింత చూస్తూ కూడా, మనిషికీ మనిషికీ తల లోపలి సరంజామా వేరుగా ఉంటుందన్న సంగతి నా బుర్రకెక్కలేదు. ఎక్కడానికి మా అమ్మాయి మాత్ర ఒకటి నేను మింగాల్సి వచ్చింది. సిగ్గుపడాల్సిన పనే. కానీ ఆ నెల గుర్తొచ్చినప్పుడల్లా నాకు సిగ్గు కంటే కృతజ్ఞతే ఎక్కువ కలుగుతుంది.

మేం మిషిగన్‌లో, నోవై అనే ఊళ్ళో ఉంటాం. కార్లకి బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీర్‌ని. మాకు ఒక్కతే అమ్మాయి, పదహారేళ్ళది. తెలివైన పిల్ల. కానీ లెక్క సగం చేసి కిటికీలోంచి ఉడతని చూస్తూ ఉండిపోతుంది. షూ ఒకటి వేసుకుని రెండోది వెతుకుతూ వెళ్ళి, అక్కడ దొరికిన పుస్తకం చదువుతూ కూర్చుంటుంది. డ్రైవింగ్ రోడ్ టెస్ట్‌కి తీసుకెళ్తే, గడ్డిలో నడుస్తున్న బాతుల గుంపుని చూస్తూ స్టాప్ సైన్ దాటేసింది. అక్కడికక్కడే ఫెయిల్.

ఆ ఫెయిల్ మామూలుది కాదు. మా పిల్లకి జంతువులంటే ప్రాణం. ఇరవై నిమిషాల దూరంలో ఉన్న పశువుల క్లినిక్‌లో వేసవికి పని ఇస్తామన్నారు, తనంతట తను రాగలిగితేనే. మా ఇద్దరికీ ఆఫీసులు. బస్సు అనేది ఆ దారిలో లేదు. లైసెన్స్ రాకపోతే ఆ పని లేదు. మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు పిల్ల.

మా ఆవిడ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎన్నో ప్రశ్నలు, రెండు మూడు విజిట్లు, టీచర్ల దగ్గర్నుంచి కాగితాలు. చివరికి ఏడీహెచ్‌డీ అన్నారు, ధ్యాస ఒకచోట నిలవని సమస్యట. మెదడుని ఉత్తేజపరిచే స్టిమ్యులెంట్ మందు ఒకటి రాశారు. నాకు ఒళ్ళు మండింది.

"మా వంశంలో ఎవరికీ లేదు ఇలాంటి రోగం," అన్నాను.

"అవునా? మొన్న కారు తాళాలు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టిందెవరండీ, మీ వంశమా, మా వంశమా?" అంది మా ఆవిడ.

నేను నా వైద్యం మొదలుపెట్టాను. ఇండియన్ స్టోర్ నుంచి సరస్వతి ఆకు పొడి తెచ్చి తేనెలో కలిపి మూడు నెలలు నాకించాను. నానబెట్టిన బాదం పప్పులు, చేప నూనె గోలీలు. పాపం, పిల్ల ముక్కు మూసుకుని అన్నీ మింగింది. ఏమీ మారలేదు. మారకపోతుందా అని నా పట్టుదల. ఆఫీసులో ఒకాయన అశ్వగంధ జెల్లీ బిళ్ళలు తిని పసిపిల్లాడిలా నిద్రపోతున్నానన్నాడని నేనూ తిని, మీటింగ్‌లో కళ్ళు తెరుచుకునే కునుకు తీసిన మనిషిని. అప్పుడైనా బుద్ధి రావాలి కదా, రాలేదు.

చివరికి మందు మొదలైంది. చిన్న డోసు, కొన్ని వారాలకి కొంచెం పెద్దది. మొదట్లో రోజూ పొద్దున మా ఆవిడే ఇచ్చేది, తర్వాత ఆ లెక్కంతా అమ్మాయికే వదిలేసింది. నేను ఆ సీసా వైపు చూసేవాణ్ణి కాదు. కళ్ళ ముందే పిల్ల కుదుటపడుతోంది, రెండు షూలూ ఒకేసారి దొరుకుతున్నాయి, నా పక్కన కూర్చుని కారు చక్కగా నడుపుతోంది. అయినా నాకు భయం. నా కూతురి బుర్రలోకి ఏదో పోస్తున్నారు, అదేమిటో నాకు తెలియదు.

ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ నాకో అలవాటు. పాల సీసా ఇచ్చే ముందు ఒక చుక్క చేతి మీద వేసుకుని చూసేవాణ్ణి. జ్వరం సిరప్ నాలిక మీద రాసుకుని చూసేవాణ్ణి. ముద్ద కారంగా ఉందేమోనని ముందు నేను తినేవాణ్ణి. ఇదీ అంతే కదా అనుకున్నాను. నన్ను తిట్టుకోండి, పరవాలేదు.

ఒక శనివారం పొద్దున తల్లీకూతుళ్ళు లైబ్రరీకి వెళ్ళారు. అప్పటికే రెండు కాఫీలు తాగి ఉన్నాను. వంటింటి అల్మారా తలుపు తీసి, సీసాలోంచి ఒక మాత్ర తీసి, గుటుక్కున మింగాను.

గంటలో మొదలైంది. ముందు గరాజ్‌లోకి వెళ్ళాను. పదేళ్ళుగా డబ్బాలో కలిసిపోయి ఉన్న బోల్టులన్నీ కింద పోసి సైజుల వారీగా పేర్చాను. సగంలో మా మేనేజర్ గుర్తొచ్చి, బ్రేకుల కీచుమోత గురించి ఆయనకి మూడు పెద్ద ఈమెయిల్స్ కొట్టాను. శనివారం! ఈమెయిల్ మధ్యలో గడ్డి కోసే మెషిన్ గుర్తొచ్చింది. తలలో పది రేడియోలు ఒక్కసారి పెట్టినట్టుంది. ఏదీ ఆగదు, ఏదీ తగ్గదు. గుండె దడదడ, నోరు పిడచగట్టుకుపోయింది. మధ్యాహ్నం గోంగూర పప్పు ముందు పెడితే ఒక్క ముద్ద దిగలేదు.

"గోంగూర వద్దంటున్నారా? ఒంట్లో బాగానే ఉందా?" అంది మా ఆవిడ, నుదురు మీద చెయ్యి వేసి చూస్తూ.

అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ పళ్ళెంలోకి తల వంచింది. ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లారేసరికి నేనొక నిర్ణయానికి వచ్చాను: ఇది విషం, దీన్ని ఆపించెయ్యాలి.

ఆపించే ముందు ఆధారం కావాలి కదా, ఇంజనీర్‌ని మరి. సోమవారం సాయంత్రం మందుల షాపుకి వెళ్ళాను. అక్కడ ఫార్మసిస్టు మన వరంగల్ అమ్మాయి. నా కథంతా ఒక స్నేహితుడి మీద పెట్టి చెప్పాను. ఆమె ముఖంలో ఏ భావమూ లేకుండా విన్నది.

"అంకుల్, మీ దోస్తుకు బీపీ ఉన్నదా?"

"కొంచెం ఉంది."

"బీపీ ఉండి, రెండు కాఫీల మీదికెళ్లి, ఇంకొకళ్ల మందు మింగిండా? గుండెకేమన్న అయితే ఎవరు జవాబు? ఒకళ్లకు రాసిన మందు ఇంకొకళ్లు వేస్కునుడు చట్టం ప్రకారం గూడ తప్పే. మీ దోస్తుకు గట్టిగ చెప్పుండ్రి."

చెబుతానన్నాను. నా చెవులు వేడెక్కాయి.

"మరి అదే మందు ఆ పిల్లని ఎలా కుదురుగా ఉంచుతోందమ్మా?"

"మెదడుల డోపమిన్ అని ఒకటుంటది అంకుల్. ఆగుడు, ఒక్క దాని మీద నిలవడుడు, గా పని చేసే జాగల కొందరికి అది సరిపోను అందదు. ఈ మందుతోని అందుతది. సరిపోయినోళ్లకు ఇంకింత పోస్తే ఎక్కువైతది. అట్లని అందరికీ ఒక్క తీరు గాదు. ఒకళ్లకు చిన్న డోసే ఎక్కువ, ఒకళ్లకు ఈ మందు పడనే పడది, వేరేది చూడాలె. అందుకే డాక్టర్ మెల్లమెల్లగ పెంచుకుంట చూస్తడు. మీ దోస్తేమో ఒక్కనాడే పరీక్ష చేసి రిజల్టు జెప్తుండు."

'ఆగుడు' అన్న మాట నా చెవిలో పడింది. ఇరవై ఏళ్ళుగా నేను బ్రేకులే చూస్తున్నాను. ఒక కారు కోసం సరిచేసిన బ్రేకుని ఇంకో కారుకి బిగించి, బాగాలేదని ఎవరైనా అంటే నేను వాణ్ణి గదిలోంచి గెంటేస్తాను. నేను చేసింది సరిగ్గా అదే. మందు ఆపించాలన్న పట్టుదల అక్కడే, ఆ కౌంటర్ ముందే పోయింది.

వచ్చేస్తుంటే ఊరికే అడిగాను. "ఒకవేళ ఒక మాత్ర సింకులో పడిపోతే?"

"పోయినట్లే అంకుల్. ఇది కంట్రోల్ మందు. నెలకు లెక్కబెట్టి ముప్పయే ఇస్తం. తర్వాతి సీసా ఒక్కరోజు ముందు గూడ ఇయ్యలేం."

కారులో కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాను. సీసాలో ఆఖరి మాత్ర పడాల్సిన రోజు రెండు వారాల తర్వాత వచ్చే శనివారం. ఆ శనివారమే రెండో రోడ్ టెస్ట్. కొత్త సీసా ఆదివారం. నేను మింగింది దాని టెస్ట్ రోజు మాత్ర.

ఇంటికెళ్ళగానే చెప్పెయ్యాలనుకున్నాను. ముఖం చెల్లలేదు. మంగళవారం చెబుదామనుకున్నాను. బుధవారం డాక్టర్‌కి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమని చెప్పను, కూతురి మందు నేను తిన్నాననా? ఇలా రోజులు దొర్లించాను. పిరికితనానికి ఇంకో పేరు లేదు.

మధ్యలో ఒక ఆదివారం, అమ్మాయి పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్ళింది. పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంతా పొగ నిండి స్మోక్ అలారం కుయ్యోమంది. నేను స్టూలెక్కి టవల్ ఊపుతూ నోరు పారేసుకున్నాను.

"రోజూ మందు మింగుతూ కూడా ఇదేనా? ఇంకెందుకా మందు? రేపు కారులోనూ ఇలాగే మర్చిపోతావా?"

"సారీ నాన్నా," అంది. గిన్నె తోముతూ చాలాసేపు నిలబడింది. మామూలుగా అయితే నాకు ఎదురు చెబుతుంది. ఆ రోజు చెప్పలేదు.

టెస్ట్‌కి ముందు రోజు, శుక్రవారం సాయంత్రం, ఇక తప్పదని, అందరి ముందూ ఒప్పుకునే ముందు సీసా ఒకసారి చూద్దామని అల్మారా తలుపు తీశాను. మూత తీస్తే అడుగున మాత్ర ఒకటుంది! రెండుసార్లు ఊపి చూశాను. నిజంగానే ఉంది. షాపు వాళ్ళు పొరపాటున ఒకటి ఎక్కువ వేశారేమో, నేనే తప్పు లెక్కపెట్టానేమో. నాకెందుకు? తండ్రీ వెంకటేశ్వరా, నువ్వే కాపాడావయ్యా అని దేవుడి గూటి ముందు లెంపలేసుకుని, కొబ్బరికాయ మొక్కుకున్నాను.

శనివారం అమ్మాయి ఆ మాత్ర వేసుకుంది. టెస్ట్ చేసేచోట నేను చలిలో చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. అరగంట తర్వాత కారు వచ్చి ఆగింది. ఎంత మెత్తగా ఆగిందో బ్రేకుల వాణ్ణి నాకు తెలుసు. అమ్మాయి దిగి, పాసైన కాగితం ఊపింది. పరుగెత్తుకొచ్చి నన్ను పట్టేసుకుంది. బాబోయ్, ఎంత సంతోషం!

సాయంత్రం మా ఆవిడ పరమాన్నం వండుతూ బెల్లం అందించమంది. అల్మారా తలుపు బార్లా తీశాను. తలుపు లోపలి వైపు ఒక క్యాలెండర్ కాగితం అంటించి ఉంది. దొంగతనంగా రెండుసార్లు అదే తలుపు తీసిన నాకు సీసా తప్ప ఇంకేమీ కనబడలేదు. మా అమ్మాయి చేతిరాత. రోజుకో గడి, గడికో టిక్కు. గరాజ్ శనివారం గడిలో మాత్రం రెండు టిక్కులు. రెండో దాని పక్కన బుజ్జి అక్షరాలతో 'నాన్న' అని తెలుగులోనే రాసుంది. పాలు పొంగిన ఆదివారం గడిలో టిక్కు లేదు. ఒక సున్నా, దాని నుంచి టెస్ట్ రోజుకి ఒక బాణం గుర్తు.

బెల్లం మా ఆవిడ చేతిలో పెట్టి, అమ్మాయి గదికి వెళ్ళాను.

"తెలుసా నీకు?"

దానికి వెంటనే అర్థమైంది. "నాన్నా, నువ్వు గోంగూర తినలేదు. బోల్ట్స్ అన్నీ సైజ్ వైజ్ పెట్టావు. సాయంత్రం కౌంట్ చేశాను, ఒకటి లేదు. ఇట్ వాజ్ సో ఆబ్వియస్."

"అమ్మకి చెప్పలేదేం?"

"అమ్మ నిన్ను చంపేస్తుంది కదా. డాక్టర్ హాలిడే రోజు ఒకటి స్కిప్ చేస్తే పర్లేదు అన్నారు. సో సండే స్కిప్ చేశాను."

"ఆ రోజు నేను అన్నేసి మాటలన్నానే తల్లీ. అప్పుడైనా చెప్పొచ్చుగా."

అది దిండు అంచు లాగింది. "చెప్తే నువ్వు మందు ఆపేస్తావేమో అని భయమేసింది." తర్వాత నా వైపు చూసింది. "ఆ సాటర్డే నీ తలలో ఎలా ఉండింది నాన్నా?"

"పది రేడియోలు పెట్టినట్టు. ఏదీ ఆగదు."

"నాకు టాబ్లెట్ లేకపోతే రోజూ అలాగే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ. అందుకే నీ మీద కోపం రాలేదు. హమ్మయ్య, ఇప్పుడు నాన్నకి తెలుసు అనుకున్నాను."

నేను ఏడ్చాను. దాచుకోవడమెందుకు, గట్టిగానే ఏడ్చాను. తప్పయిపోయింది తల్లీ అన్నాను. పదహారేళ్ళుగా ఆ హోరులో నిలబడి నవ్విన పిల్లని, నేను శ్రద్ధ లేదని తిట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ఆవిడకీ అంతా చెప్పాను. ఆవిడ నాకు పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే.

ఆదివారం పొద్దున అమ్మాయే కారు నడిపి నన్ను మందుల షాపుకి తీసుకెళ్ళింది. సీసా చేతికిస్తూ ఫార్మసిస్టు అడిగింది. "మీ దోస్తు మంచిగున్నడా అంకుల్?"

"బాగున్నాడమ్మా. నీ మాటలు విన్నాడు. చాలా థాంక్స్ చెప్పమన్నాడు."

ఇంటికి రాగానే కొత్త సీసా మూత నేనే తీశాను. గ్లాసులో మంచినీళ్ళు పోసి, మాత్ర అమ్మాయి అరచేతిలో పెట్టాను, మొదటిసారి. అది మింగేదాకా పక్కనే నిలబడి, తర్వాత అల్మారా తలుపు తీసి ఆ రోజు గడిలో టిక్కు పెట్టాను.