పిన్ని ప్యాడ్లకు నేను వేసిన సాంబ్రాణి

ఉద్యోగం వెతుక్కునే ఆ రోజుల్లో నాకు ఎదుటివాళ్లకు మేలు చేయాలన్న తపన మహా ఎక్కువగా ఉండేది. 2022లో విజిట్ వీసా మీద దిగి, షార్జా అల్ నహ్దాలో మా పిన్ని వాళ్ల హాల్లో సోఫాను ఆక్రమించాను. పొద్దున బయోడేటాలు పంపడం, మధ్యాహ్నం జవాబు రాలేదని పడుకోవడం నా దినచర్య. తింటున్న అన్నానికి ఏదో ఒక పని చేసిపెట్టాలని ఇంట్లో కనిపించిన ప్రతి వస్తువునూ సర్దేవాణ్ణి. (నా సాయం బారిన పడనివాడు బాబాయి ఒక్కడే. ఆయన శనివారాలు కూడా డ్యూటీకి పోయేవాడు.)

మా పిన్ని పెళ్లికి ముందు అనంతపురం జిల్లా అమ్మాయిల హాకీ జట్టులో గోల్ కాసే గోలీ. పెళ్లయిన వారానికే అత్తగారు "ఆడింది చాల్లేమ్మా" అన్నారట, హాకీ కర్ర అటకెక్కింది. పదిహేనేళ్ల తర్వాత దుబాయ్‌లో ఒక మాల్‌కు వెళ్లినప్పుడు, మంచు మీద హాకీ ఆడే ఆడవాళ్ల జట్టుకు గోలీ లేదని విని "నేను నిలబడతా" అనేసిందట. మొదటి మూడు నెలలూ నిలబడిన పాపాన పోలేదనీ, కూర్చునే గోల్ కాసిందనీ బాబాయి నవ్వేవాడు. ముప్పై ఏడేళ్ల వయసులో పడుతూ లేస్తూ నేర్చుకుని, రెండేళ్లుగా ఆడుతోంది. కానీ ఆ సంగతి బిల్డింగ్‌లో పిట్టకు కూడా తెలియనిచ్చేది కాదు. నాలుగో అంతస్తు నెల్లూరు ఆంటీ చెల్లెలు, ఊళ్లో పిన్ని అత్తగారి పక్కింట్లోనే ఉండేది మరి. "కోడలు మంచు మీద జారతాందని మా అత్తకు తెలిసిందంటే నా ఆట ఖలాస్‌రా" అనేది. అందుకే శనివారం శనివారం అంత పెద్ద సంచీ మోసుకుపోతూ, ఎవరైనా అడిగితే "లాండ్రీ" అనేది. అన్నేసి దుప్పట్లు ఉతికించే కుటుంబం ఆ వీధిలో ఇంకోటి ఉండి ఉండదు.

ఆ శనివారం పది గంటలకు అబుదాబి జట్టుతో ఆట. పిన్ని తప్ప ఇంకో గోలీ లేదు, ఆవిడ వెళ్లకపోతే ఆడకుండానే ఓడినట్టు. ఎనిమిదింటికి స్నానానికి వెళుతూ "ఆ ప్యాడ్లు కంపు కొడతాండాయి, కొంచెం గాలికి పెట్టురా" అంది. గాలికి పెడితే సరిపోయేది. నాకు మాత్రం చంటిపిల్లల తలకు మా అమ్మమ్మ వేసే సాంబ్రాణి గుర్తొచ్చింది. బాబాయికి ఆఫీసులో ఇచ్చిన, అరబ్బులు బఖూర్ ధూపం వేసుకునే కుంపటిలో బొగ్గు అంటించి, గుప్పెడు సాంబ్రాణి చల్లి, కాళ్ల ప్యాడ్లు, ఛాతీ కవచం, గ్లోవ్స్ అన్నీ చుట్టూ పేర్చి, పొగ వృథా పోకూడదని తలుపులు కూడా మూశాను. పైన సీలింగ్‌కు గుండ్రటి బిళ్ల ఒకటి ఉంది చూడండి, పొగను కనిపెట్టే బిళ్ల, దాని సంగతి నాకెవరూ చెప్పలేదు.

పన్నెండు అంతస్తుల బిల్డింగ్ ఒక్కసారిగా కుయ్యోమంది. పిన్ని తడిజుట్టుతో బయటికొచ్చి, పొగలో నన్ను చూసి, "ఏం చేస్తివిరా, దరిద్రుడా!" అంది. వాచ్‌మన్ తలుపులు బాదుకుంటూ "సామాన్ నహీ! యల్లా, యల్లా, నీచే!" అని అందరినీ కిందికి తరుముతున్నాడు. సామాను తేకూడదు, లిఫ్టు ఆగిపోయింది, తిరిగి పైకి ఎప్పుడు రానిస్తారో తెలియదు. పిన్ని ఒక్క క్షణం ఆలోచించింది. "సామాను మోయకూడదన్నాడు గానీ, తొడుక్కోకూడదన్లేదు కదరా" అంటూ చుడీదార్ మీదే ఆ ప్యాడ్లూ, కవచం, హెల్మెట్ బిగించుకుంది. స్కేట్లు దండలా నా మెడలో వేసింది. ఎనిమిది అంతస్తులు కర్ర పొడుచుకుంటూ దిగాం. మెట్ల మీద పిల్లలు గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చారు.

కింద ఇసుక స్థలంలో బిల్డింగ్ జనమంతా నైటీలతో, లుంగీలతో నిలబడి ఉన్నారు. అందరికీ ముందు నెల్లూరు ఆంటీ. "ఏందిమ్మే ఇదీ! ఆ ముసుగు లోపల ఎవురుండారు?" అంది. ఫైరింజన్ వచ్చింది, బేస్‌మెంట్ నుంచి మా కారు తీయడానికి వీల్లేదన్నారు. ఆంటీ వాళ్ల కారు ఒక్కటే బయట ఇసుకలో ఉంది. పిన్ని హెల్మెట్ ముందరి జాలీ పైకెత్తి, నా వైపు కాల్చేసేలా చూసి, "ఆంటీ, నన్ను దుబాయ్‌లో దింపండి. దారిలో అన్నీ చెప్తా" అంది. ఆ క్షణంలో నేను భూమిలోకి దిగిపోయి ఉంటే అందరికీ బాగుండేది.

ఆంటీ దింపి ఊరుకుంటుందా! ఇద్దరు కొడుకులతో లోపలికొచ్చి, ఫోనులో ఆట మొత్తం వీడియో తీసింది. మన వాళ్లు రెండు కొట్టారు, పిన్ని మూడు వదిలింది. ఓడిపోయాం. ఆ వీడియో చెల్లెలి ద్వారా పక్కింటికి చేరినట్టుంది, సాయంత్రానికి ఊరి నుంచి ఫోను రానే వచ్చింది. పిన్ని స్పీకర్ పెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమ్మా, ఆ వలకాడ నిలబడింది నువ్వేనా?"

"నేనే అత్తా."

"మూడోది అంత మెల్లగా వస్తాంటే ఎట్ల ఇడిసిపెడితివి?" అన్నారు అత్తగారు. పిన్ని నవ్వలేక, ఏడవలేక నా వీపు మీద ఒక్కటి వేసింది.

ఆ తర్వాత పిన్ని ఇంకో మూడేళ్లు ఆడింది. నెల్లూరు ఆంటీ కొడుకులతో మొదలుపెట్టి, బిల్డింగ్ పిల్లలు పద్నాలుగు మందికి మంచు మీద నిలబడడం నేర్పింది. నేను అజ్మాన్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయినా, శనివారాలు వచ్చి చిన్నవాళ్ల లేసులు కట్టేవాణ్ణి. మొన్న చివరి ఆట అయ్యాక పిన్ని బల్ల మీద కూలబడి, తనే ఊరికి ఫోను చేసింది.

"అత్తా, ఈరోజుతో ఆపేస్తాండా."

"ఎవురు ఆపమనిరి?" అవతల ఆవిడ గొంతు లేచింది. "నేను మాట్లాడతా, వాళ్లకియ్యి ఫోను!"

"నా మోకాలే అత్తా."

పిన్ని ఆ మాట అని ఫోను చెవికి ఆనించుకునే కళ్లు తుడుచుకుంది. నేను తల వంచి, ఒక పిల్లాడి లేసు విప్పి మళ్లీ కట్టాను. పిన్ని బతుకు బుగ్గి చేశానని భయపడుతూ, మెడలో స్కేట్లతో ఆ రోజు మెట్లు దిగిన ఇరవై నాలుగేళ్ల వెర్రివాడు జ్ఞాపకమొచ్చి, నాకు తెలియకుండానే నవ్వొచ్చింది.