మొదటి నొక్కు బరువు

మీ ప్రాణం కోరే గుంపు తలుపు బయట ఉంది. గుళ్లు నింపిన పిస్తోలు మీ నడుముకు ఉంది. మీరేం చేస్తారు? దేవుడు చూసుకుంటాడని నాతో అనకండి. మీరేం చేస్తారు?

ఆ ప్రశ్నకు మాటతో కాక ఒంటితో జవాబు చెప్పిన మా పెద్దబావ పోయిన మంగళవారం మధ్యాహ్నం మన చిమిండైంగ్ పేటలో, తన గదిలోనే కన్నుమూశాడు. ఉబ్బసం. మా అక్క గంజి కలిపి తెచ్చేసరికి గోడకు చేరగిలబడే ఉన్నాడట. ఊపిరి మాత్రం లేదు.

మన ప్రార్థన కూటంలో వెనక బల్ల మీద కూర్చుని, పాట రాకపోయినా పెదవులు కదిపే మనిషిగానే మీలో చాలామందికి ఆయన తెలుసు. అంతకుముందు ఆయన బర్మా సర్కారు బియ్యం గోడౌనుకు ఆయుధం మోసే కాపలాదారు.

ఆ పని ఇచ్చిన రోజున మింగళాడోన్ మిలిటరీ డిపోకు తీసుకువెళ్లి, బల్ల మీద రెండు రకాల పిస్తోళ్లు పెట్టి ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి భారీది. రెండోది కురచది, డబుల్ యాక్షన్ అంటారు. బావ రెండింటినీ ఖాళీ చేయించి, పట్టుకుని చూసి, కురచదాన్ని తీసుకున్నాడు. తోటి కాపలావాడు, మన గంజాం మనిషే, పగలబడి నవ్వాడట.

"ఏటి మావా, ఆడోళ్ల బొమ్మలాగుంది, ఇది మా అప్పకేటి?"

ఆ సాయంత్రం అన్నం దగ్గర నేనూ అడిగాను, చిన్నది ఎందుకని.

"నా ఏలు పొట్టి బామ్మర్దీ. మీట దాకా ఏలు అందకపోతే పెద్దదాంతో ఏటి పని? ఇంకోటి. ఆ పెద్దదాని సుత్తి లేపి, గొళ్లెం ఎట్టి మొయ్యాల. గొళ్లెం మర్సిపోతే? దీని సుత్తి పడుకునే ఉంటాది. మొదటి నొక్కు దూరం, బరువు. ఆ దూరంలో మనిషి బుద్ధి మార్సుకోవొచ్చు."

"రెండో నొక్కో?"

"రెండోది తేలిక. అందుకే మొదటిదానికే బయపడాల."

నేను బడి మెట్లు పెద్దగా ఎక్కినవాణ్ణి కాను. గ్రంథం ఒక్కటే నా చదువు. పాపం గురించి నేను గొంతు చించుకుని చేసిన ప్రసంగాలన్నీ ఆ రెండు మాటల ముందు పలచబడిపోయాయి. ప్రభువును పట్టుకోవడానికి వచ్చినప్పుడు తోటలో కత్తి దూసి ఒకడి చెవి నరికిన శిష్యుడి సంగతి చెబుతుంటే, బావ వెనక బల్ల మీది నుంచే అన్నాడు: "ఆ కత్తి సేతికి సులువుగా వొచ్చీసింది బామ్మర్దీ, అదీ గొడవ." కూటమంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇంటికి రాగానే ముందు పిస్తోలు పిడిలోని గుళ్ల పెట్టె ఊడదీసేవాడు. తరువాత పైభాగం వెనక్కి లాగి, లోపల ఖాళీయేనా అని చూసి, చిటికెన వేలు కూడా పెట్టేవాడు. తిరిగి లేచిన ప్రభువు గాయంలో వేలు పెడితే గాని నమ్మనన్న శిష్యుణ్ణి మేమంతా తిడతాం. మా బావకు మాత్రం ఆయనంటేనే ఇష్టం. పిస్తోలు ఒక పెట్టెలో, గుళ్లు వేరే పెట్టెలో, రెంటికీ తాళాలు. అప్పటిదాకా పిల్లలను దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఈ ఊరి కాపలావాళ్లకు ఒక పాడు అలవాటు ఉంది. జేబురుమాలు దోపినట్టు పిస్తోలును లుంగీ మడతలో దోపుతారు. లుంగీ బజారులో పదిసార్లు జారుతుంది, పదిసార్లు విప్పి కట్టుకుంటాం. బావ అలా చేయలేదు. మీటను పూర్తిగా మూసే తోలు ఒర, దళసరి బెల్టు, దానికోసం పేంటు. ఒర ఉన్న పక్క జేబులో తాళంచెవి కూడా పెట్టేవాడు కాదు. కాని ఈ ఊళ్లో పేంటు వేసినవాడంటే మిలిటరీ వాడని లెక్క. జాగ్రత్తే ఆయన మెడకు ఉచ్చయింది.

మిలిటరీ సర్కారు మీద జనం తిరగబడి ఊరంతా అట్టుడికిన ఆ ఏడు ఒక పగటిపూట, నేనూ బావా చిమిండైంగ్ బజారులో సెట్టిగారి లుంగీల కొట్లో ఉన్నాం. "పేంటువాడు లోపలున్నాడు, గూఢచారి!" అని ఎవరో బర్మాలో అరిచారు. సెట్టిగారు పలకల తలుపు మూసేశారు. బయట కర్రలు పలకల మీద పడుతున్నాయి.

"తీసి సూపించండి బాబూ, పారిపోతారు!" అన్నారు సెట్టిగారు.

"ఇది సూపించడానికని తీసీది కాదు సెట్టిగారూ. తీస్తే నొక్కాల."

"పోనీ ఇక్కడ పారీసి ఎలిపోండి!"

"సర్కారు పిస్తోలు పోతే ఇన్సేన్ జైలు. తీసుకుని బైటికెలితే కర్రలు. ఎటు పొమ్మంటారు?"

నేను ప్రార్థన మొదలుపెట్టాను. బావ ప్రార్థన చేయలేదు. గుళ్ల పెట్టె ఊడదీశాడు. పైభాగం లాగాడు. చూశాడు. ఆ చప్పుళ్ల మధ్య కూడా వేలు పెట్టి చూశాడు.

"మీ ఇనప్పెట్టి తియ్యండి."

"నా కొట్లోనా! నన్నూ ఇన్సేన్ పంపుతారేటి?"

"తాళం నా కాడుంటాది. అడిగితే నేనే ఎట్టేనని సెప్పండి. ఒక లుంగీ ఇయ్యండి, దర కాస్త తక్కువదే."

పేంటు విడిచి, గంజి వాసన కొట్టే కొత్త లుంగీ కట్టుకుని, ఒక పలక తీయించి, రెండు అరచేతులూ ముందుకు చాపి బయటికి నడిచాడు. "అన్నల్లారా, బియ్యం గోడౌను కాపలావాణ్ణి. వెతుక్కోండి," అన్నాడు బర్మాలో. ముందున్నవాడు కర్ర చంకలో పెట్టుకుని ఆయన నడుమంతా తడిమాడు. ఇదంతా నేను పలకల సందులోంచి చూశాను. తడిమి, పక్కకు తప్పుకున్నాడు. ఏ ఒక్కడూ చావలేదు.

గొడవ సద్దుమణిగాక బావ పిస్తోలును, గుళ్లను గోడౌనులో అప్పగించాడు. ఆయుధాన్ని ఒంటి మీద నుంచి ఎందుకు తీశావని ఇన్సేన్‌లోనే పెట్టి ప్రశ్నించారు. ఉద్యోగం పోయింది. మా అక్కను తీసుకుని గంజాం వెళ్లిపోదామని ఎన్నిసార్లు అడిగినా పాస్‌పోర్టు ఇవ్వలేదు. పిస్తోలు పోయినా దాని గొలుసు ఆయన్ను వదల్లేదు. ఉబ్బసంతో ఆ ఒక్క గదిలోనే తిరిగాడు. ఇంత పోగొట్టుకున్నావే అని ఒకసారి నేనంటే, "ఆ రోజు కర్రట్టుకుని ముందున్నోడికి ఈపాటికి పెళ్లయ్యుంటాది కదేటి," అన్నాడు.

తమ్ముళ్లారా, మీలో కొందరు, యజమానులు చేతికిచ్చిన పిస్తోలేదో లుంగీ మడతలో దోపుకుని కొట్ల ముందు కాపలాకు నిలబడుతున్నారు. మీ చేతికి సరిపోతుందో లేదో మీకే తెలియదు. ఈ రోజే వెళ్లండి. వేలికి అందేది, మొదటి నొక్కు బరువుగా ఉండేది ఇమ్మనండి, మీటను మూసే ఒర ఇమ్మనండి. ఇవ్వనంటే గుళ్లు తీసి, ఖాళీ చేసి, యజమాని బల్ల మీదే పెట్టి రండి. ఆకలి వేస్తే మా ఇంటికి రండి, ఉన్నది పంచుకుందాం. వచ్చే ఆదివారం దాకా ఆగకండి. కొట్ల పలకలు తీయకముందే, ఇప్పుడే లేవండి!