నల్ల తలకు కట్టని రుమాలు

మా ముత్తాత మాలీ పటేలు. ఆయన తర్వాత మా తాత, ఆయన తర్వాత మా నాయన. ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య, ఇప్పుడు కాలనీల కింద కనిపించకుండా పోయిన మా ఊళ్లో శిస్తు వసూలు చేసింది, తగాదాలు తీర్చింది, ఎవరి చేను ఎంతవరకో చెప్పింది ఈ ముగ్గురే. మా గడప ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేత పట్టుకునేవారు. ఇప్పుడు దాన్ని తప్పంటారు. అననీ. ఉన్నది రాస్తున్నాను. సర్కారు పటేలు పదవులు తీసేసింది, భూములు ఒక్కొక్కటిగా ప్లాట్లయ్యాయి. మాకు మిగిలింది ఊళ్లో పాత ఇల్లు, బోనాల నాటి రుమాలు.

రుమాలంటే ఇక్కడ తలపాగా. మొదటి బోనం లేవకముందు, అమ్మవారి గుడి ఎదుట, పటేలింట్లో బతికున్న మగవాళ్లలో పెద్దవాడికి తెల్ల రుమాలు కడతారు. ఒకసారి కట్టించుకున్నవాడికే ప్రతి ఏడూ కడతారు. అతను పోయేదాకా ఇంకొకరికి మారదు. నాయనకు ముప్పై ఏళ్లు కట్టారు. ఆయన జుట్టు ఎక్కడ ఆగిందో, రుమాలు ఎక్కడ మొదలైందో దూరం నుంచి తెలిసేది కాదు. మా ఇంట్లో తల నెరవడమంటే పదవి రావడం.

నాయన పోయినప్పుడు నాకు యాభై రెండు. గుండు చేయించుకున్నాను. తిరిగి మొలిచిన జుట్టు ఒక్క నల్ల వెంట్రుక లేకుండా మొలిచింది. ఏటి మైల కనుక ఆ ఏడు గుడికి పోలేదు, రుమాలు ఎవరికీ కట్టలేదు. మరుసటి ఏడు రుమాలు నాది.

ఆ మధ్య కాలంలోనే ఈ నగరం తెల్లజుట్టుకు ఏం విలువ కట్టిందో తెలిసింది. నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి స్టోర్స్ చూసేవాణ్ణి. మీసాలు సరిగా రాని ఒక ఇంజనీరు వచ్చి, "తాతా, జర రిజిస్టర్ ఇయ్యి" అన్నాడు. ఉప్పల్ బస్సులో ఒక అమ్మాయి నన్ను చూసి లేచి, "కూసోండి అంకుల్, పడిపోతరు" అంది. నేను కూర్చోలేదు. హబ్సిగూడ దాకా కుడి మోకాలు సలుపుతుంటే కడ్డీ పట్టుకుని నిటారుగా నిలబడ్డాను. మా తాత నడిచి వస్తుంటే లేచినవాళ్లు ఆయన పడిపోతాడని లేవలేదు.

రంగు వేసుకునే మగవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఏవగింపు. మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే గుంపంతా వాళ్లే. రైల్వేలో రిటైరైన ఒకాయన మీసానికి కూడా పూసేవాడు, బనీను మీదుగా పొడుచుకొచ్చే ఛాతీ వెంట్రుకలు మాత్రం పిండి జల్లినట్టు ఉండేవి. బెజవాడ నుంచి వచ్చి స్థిరపడిన ఇంకొకాయన నన్ను ఆపి, "బాబాయ్ గారూ, మీరు కూడా వేసేయండి, పదేళ్లు తగ్గిపోతారు" అన్నాడు. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. వీళ్లంతా గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి, ఎవరూ ఏమీ అనకుండానే బిగ్గరగా నవ్వేవారు. ఆరోగ్యానికట. వాళ్ల పక్కనుంచి పోతుంటే నాకు పశువుల సంత గుర్తొచ్చేది. అక్కడ కూడా ముసలి ఎద్దు కొమ్ములకు రంగు పూసి తెస్తారు.

ఆ ఎద్దును నేనూ అయ్యాను. కంపెనీలో కొంతమందిని తీసేస్తారని మాట పుట్టిన నెలలో, ఒక ఆదివారం, కిరాణా షాపులో పొడి పొట్లం కొన్నాను. స్టీలు గిన్నెలో కలిపి, పాత పళ్ల బ్రష్షుతో పూసుకున్నాను. భుజాల మీద పేపరు కప్పుకుని గంటసేపు పెరట్లో కూర్చున్నాను. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసింది. తర్వాత, "చెవెనక అంటింది, సూస్కోన్రి" అంది. అంతే. అప్పటి నుంచి మూడు వారాలకోసారి. నెత్తి దురద పెట్టేది, దిండు గలీబు నల్లబడేది. మోకాలు అట్లాగే ఉంది, చిగుళ్లు జారుతూనే ఉన్నాయి, పేపరు చదవాలంటే చెయ్యి చాచాల్సి వచ్చేది. పైకప్పుకు సున్నం కొట్టినంత మాత్రాన పునాది కుంగడం ఆగదు. ఆ సంగతి తెలిసే చేశాను. అసహ్యించుకున్నవాళ్లలో కలిసినందుకు నాకు ఉద్యోగం నిలిచింది.

బోనాలు వచ్చాయి. చివరిసారి వేసుకుని పది రోజులే అయింది, తల నిగనిగలాడుతోంది. తెల్ల ధోవతి, తెల్ల చొక్కా వేసుకుని గుడి ముందుకు పోయాను. పక్కన మా చిన్నాయన కొడుకు నిలబడ్డాడు. నాకంటే ఆరేళ్లు చిన్న, ఉప్పల్‌లో ప్లాట్లు అమ్మిపెట్టే పని. నలభైకే తల ముగ్గుబుట్ట అయింది. అది వైరాగ్యం కాదు, బద్ధకం. రుమాలు కట్టే ముసలి బైండ్లాయన, అమ్మవారి పూజారి, అంతకుముందు ఏడే పోయాడు, ఇప్పుడు ఆయన కొడుకు. కమిటీ నిండా కొత్త కుర్రాళ్లు, మెడలో తువ్వాళ్లు, చేతిలో మైకు. వాళ్లలో ఎవరికీ నేను తెలియదు. ముప్పై ఏళ్లుగా నాచారంలో ఉంటూ, బోనాల నాడు మాత్రం వచ్చి నాయన వెనక నిలబడి పోయేవాణ్ణి.

"పటేలోళ్ల పెద్దమనిషి ముందుకు రావాలె!" అని మైకులో పిలిచారు.

నేను అడుగు వేశాను. బైండ్ల అబ్బాయి నా పక్కనుంచి దాటిపోయి, మా తమ్ముడి తలకు రుమాలు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆగు. పెద్దోణ్ణి నేను" అన్నాను.

మైకు పట్టుకున్నవాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏంది అన్నా, నెత్తి గంత నల్లగున్నది, నువ్వు పెద్దోనివెట్లయితవే? పెద్దాయనకు కట్టనియ్యి, జర పక్కకు జరుగు."

వెనక ఎవడో, "పెద్దోడైతే పాలిష్ కొట్టుకొని వచ్చిండేమో!" అన్నాడు. నవ్వారు. డప్పులు మొదలయ్యాయి.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఇది రంగు, కావాలంటే పాయ తీసి మొదళ్లు చూడండి అనాలి. అంతమంది ముందు, అమ్మవారి ముందు, మైకులో. మా తమ్ముడి వైపు చూశాను. వాడు చెప్పొచ్చు. అన్న ఉన్నాడు అంటే చాలు. వాడు కళ్లు మూసుకుని, భక్తి కమ్మినట్టు మొహం పెట్టుకుని, మెడ ముందుకు చాచాడు. మూడో చుట్టు పడేదాకా నేను నోరు తెరవలేదు. కొస లోపలికి దోపాక ఇక తెరిచినా ఒకటే. బోనం లేచింది. నేను జనంలో అందరితో పాటు పక్కకు జరిగాను.

సాయంత్రం వాడు మా ఇంటికి ప్రసాదం పట్టుకుని వచ్చాడు. "అన్నా, నేనడిగిన్నా? ఆళ్లే కట్టిన్రు. గుళ్లె లొల్లి ఎందుకని ఊకున్న."

"ఊకున్నది నేనురా. నువ్వు మెడ చాచినవు" అన్నాను.

ఆ మర్నాటి నుంచి రంగు మానేశాను. ఆర్నెల్లలో తల పూర్తిగా తెల్లబడింది. ఇప్పుడు నన్ను చూసినవాడెవడైనా పెద్దవాడు ఎవరని అడగడు. ఆ తెలుపు ఆ ఒక్క పొద్దున కావలసింది. మరుసటి ఏడు బోనాలకు గుడి ముందు ఫ్లెక్సీలో మా తమ్ముడి బొమ్మ, కింద 'పటేల్ వంశ పెద్ద' అని. రోడ్డు అవతల నుంచి చూసి వెనక్కి తిరిగాను. నాలో సగం కూడా సిగ్గు లేనివాడికి కట్టిన రుమాలు కోసం తగాదా పెట్టుకోవడం నాకు చిన్నతనం. నేను ఓడిపోయింది వాడి చేతిలో కాదు, ఒక పొడి పొట్లం చేతిలో. ఆ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదలు.

ఊళ్లోని పాత ఇంటిని నాయన ఒక్క కారణానికే అమ్మలేదు. రుమాలు కట్టించుకునేవాడు ఆ ఇంటి నుంచే నడిచి గుడికి పోవాలి. మా తమ్ముడు ఉప్పల్ అపార్టుమెంటు నుంచి కారులో పోతున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. బేరం తెచ్చింది వాడే. నేను ఎదురు చెప్పలేదు, సంతకం పెట్టాను. రాష్ట్రం వచ్చే ముందు ఏడాది, దసరాకు నెల ముందు, రెండు వందల నలభై గజాల ఆ ఇల్లు టైర్ల దుకాణం పెట్టుకునేవాళ్లకు అమ్మేశాం.